యవ్వనస్థుల నాయకులకు విశ్రాంతి శిబిరం: వెళ్లవచ్చు, కానీ పాస్టరు గారిని వెంటబెట్టుకుని

బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగు సంఘం యవ్వనస్థుల బాధ్యత నాది. డిసెంబరులో క్యారల్స్, వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు తరగతులు), శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం పాటల సాధన. ఉద్యోగం ఎలాగూ ఉంది. అలసిపోయానంటే విశ్వాసం తగ్గిందేమోనని చూసే పెద్దలు మాకు తక్కువేమీ కాదు. అందుకే కొత్తనూరు వైపు ఒక కేంద్రంలో జరిగిన ఈ రెండు రోజుల శిబిరానికి పేరు ఇచ్చాను.

తొలి పూట బైబిల్లోని ఏలీయా కథతో మొదలైంది. బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్న ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను జబ్బుల్లో కాక, పనికి సంబంధించిన స్థితిగా చేర్చిన సంగతి చెప్పారు. శక్తి హరించుకుపోవడం, పని మీద విరక్తి, ఏదీ సరిగా చేయలేకపోతున్నామన్న భావన దాని గుర్తులట. ఆ రెండోది నాకు బాగా తెలుసు. సంఘం పిల్లల నుంచి ఫోను వస్తే ముందు విసుగే వస్తుంది.

అన్నిటికన్నా పనికొచ్చింది యిత్రో పాఠం. నిర్గమకాండం 18లో మామ యిత్రో మోషేకు చెప్పినట్టు పని పంచడం. మేము చేసే ప్రతి పనినీ ఒక చీటీ మీద రాసి, పక్కన వేరొకరి పేరు రాయాలి. కీబోర్డు మోయడం, బిర్యానీ చెప్పడం, ఆడపిల్లలను చీకటి పడకముందే ఇళ్లకు చేర్చడం, అన్నీ నా చీటీలే. ప్రొజెక్టరు పని పీయూసీ (ఇంటర్) పిల్లలు నాకన్నా చక్కగా చేస్తారు.

ఇక లోపాలు. పేరుకు విశ్రాంతి, ఉదయం అయిదున్నరకే గంట! మధ్యాహ్నం రాగిముద్ద తిన్నాక కునుకు తీయనివ్వకుండా వరుసగా పాఠాలు. ఏలీయాను పడుకోనిచ్చారు, మమ్మల్ని కాదు. అసలు కొరత మరొకటి. వచ్చినవాళ్లంతా పనులు మోసేవాళ్లే, పనులు అప్పగించే పాస్టర్లు, పెద్దలు ఒక్కరూ లేరు. వాళ్లకూ ఒక పూట పెట్టకపోతే చీటీలు సంచిలోనే ఉండిపోతాయి. రుసుముకు మాత్రం వంక పెట్టను, భోజనం, బసతో కలిపి న్యాయంగానే ఉంది.

నా చీటీలు మా పాస్టరు గారికి చూపించాను. వీబీఎస్ వంట స్త్రీల సమాజానికి అప్పగించడానికి వెంటనే ఒప్పుకున్నారు. శుక్రవారం సంగతి ఎత్తితే మాత్రం, "దాని గురించి ప్రార్థన చేద్దాం లేమ్మా" అన్నారు.