అల్టిమేట్ ఆటలతో ఆరేళ్ళు: ముఖ్యంగా కీబోర్డు రెండో వరస గురించి

స్పెక్ట్రమ్ అనే 1980ల నాటి ఇంటి కంప్యూటరుకి అల్టిమేట్ అనే కంపెనీ చేసిన ఆటల్లో జెట్‌ప్యాక్ ఎలా ఉంటుంది, నైట్ లోర్ ఎందుకంత గొప్ప ఆట, ఆ స్పెక్ట్రమ్‌లో రంగులెన్ని లాంటివి ఇప్పటికే చాలామంది రాసేశారు, అవన్నీ నేను మళ్ళీ రాయను. నేను రాసేది క్యూ వరస గురించి, అంటే కీబోర్డులో పైనుంచి రెండో వరస. ఆ వరసలో సగం చచ్చిపోయాక కూడా నాలుగు నెలలు ఆడాను కాబట్టి, ఈ ఒక్క విషయంలో నా మాట వినొచ్చు.

నేను ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో నర్సుని. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున, కార్ బూట్ సేల్‌కి (మన వారపు సంతలాంటిదే, కాకపోతే కారు డిక్కీలో పెట్టుకుని ఇంట్లో పాత సామాన్లు అమ్ముతారు) వెళ్ళి ఒక టేబుల్ ల్యాంపు తెమ్మంటే, మా ఆయన రబ్బరు కీల 48కె (మెమరీ 48 కిలోబైట్లు) స్పెక్ట్రమ్, ఒక టేప్ రికార్డరు, చెప్పుల డబ్బా నిండా క్యాసెట్లు (ఆటలు వీటిలోంచే మిషన్లోకి ఎక్కుతాయి) పట్టుకొచ్చారు. ల్యాంపు ఇప్పటికీ లేదు. డబ్బాలో క్యాసెట్లు ఒక్కొక్కటే తిప్పి చూస్తుంటే ఐదింటి మీద ఒకటే కంపెనీ పేరు, అల్టిమేట్ ప్లే ద గేమ్. అడ్రసు: ద గ్రీన్, యాష్బీ డి లా జూష్, లెస్టర్‌షైర్. మా ఇంటికి పదిహేడు పద్దెనిమిది మైళ్ళు! ప్రపంచంలో ఎక్కడో తయారైందనుకున్న వస్తువు పక్కూరిదని తెలిస్తే ఎలా ఉంటుందో అలా అనిపించింది. ఆ అడ్రసే లేకపోతే నేను ఆ డబ్బా మళ్ళీ ముట్టుకునేదాన్ని కాదేమో.

ఆ మధ్య యాష్బీ వెళ్ళొచ్చాం కూడా. చిన్న ఊరు, శిథిలమైన పాత కోట ఒకటి, మంచి టీ దొరికింది. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు, కానీ అట్ట మీద అడ్రసు పట్టుకుని ఊరు చూడ్డానికి వెళ్ళడం నా జీవితంలో అదే మొదటిసారి.

కంపెనీ సంగతి క్లుప్తంగా చెప్తాను. టిమ్, క్రిస్ స్టాంపర్ అని అన్నదమ్ములు, జాన్ లాత్‌బరీ, కరోల్ వార్డ్ అని ఇంకో ఇద్దరు కలిసి 1982లో పెట్టుకున్నారు. రిజిస్టర్ చేసిన పేరు యాష్బీ కంప్యూటర్స్ అండ్ గ్రాఫిక్స్, అల్టిమేట్ అన్నది అట్ట మీద పేరు. అంతకుముందు వీళ్ళు ఆర్కేడ్ మిషన్లకి, అంటే నాణెం వేసి ఆడే పెద్ద మిషన్లకి ఆటలు చేశారు. ఆ రోజుల్లో మిగతా చాలా ఆటలు బడిపిల్లలు సొంతంగా నేర్చుకుని పడకగదిలో కూర్చుని రాసినవి, వీళ్ళు మాత్రం అప్పటికే చెయ్యి తిరిగినవాళ్ళు. 1983లో మొదట వచ్చిన నాలుగూ (జెట్‌ప్యాక్, ప్‌స్ట్, ట్రాన్జ్ యామ్, కుకీ) 16కె మెమరీలోనే ఇమిడిపోయాయి. ఇంటర్వ్యూలంటే దూరం, ఆట ఎలా చేశారో చెప్పరు. ఆట కిందటి దానికన్నా బాగుంటే చాలు, జనమే మాట్లాడుకుంటారన్నట్టు ఉండేవారు.

ఇక కీబోర్డు దగ్గరికొస్తాను. నైట్ లోర్‌లో ఒక పనికి ఒక కీ అని ఉండదు, ఒక వరస మొత్తం ఇచ్చేస్తారు. అట్టడుగు వరస తిరగడానికి: జెడ్ ఎడమ, ఎక్స్ కుడి, సీ మళ్ళీ ఎడమ, వీ మళ్ళీ కుడి, అలా చివరిదాకా ఒకటి విడిచి ఒకటి. దాని పై వరసలో ఏది నొక్కినా మనిషి ముందుకు నడుస్తాడు. ఆ పైది, అంటే క్యూ వరసలో, ఏది నొక్కినా ఎగురుతాడు. అంకెల వరస వస్తువులు తీయడానికి, పెట్టడానికి. జెట్‌ప్యాక్‌లో కూడా ఇదే పద్ధతి, అక్కడ క్యూ వరస నొక్కితే వీపు మీది రాకెట్ మండి పైకి లేస్తాం. మొదట్లో నాకు ఇది పిచ్చి పనిలా అనిపించింది. చీకట్లో, నిద్రమత్తులో, చలికి వేళ్ళు బిగుసుకుపోయి ఆడేటప్పుడు గానీ దీని సుఖం తెలీలేదు. కిందకి చూడక్కర్లేదు, వేలు ఆ వరసలో ఎక్కడ పడినా పని జరుగుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి, పిల్లాడు బడికి వెళ్ళిపోయాక ఒక అరగంట ఆడి పడుకోవడం నాకు అలవాటైపోయింది.

మూడో ఏడాది చేతులు ఊరుకోక స్పెక్ట్రమ్‌ని విప్పాను. కీల సందుల్లో దుమ్ము పేరుకుందని శుభ్రం చేద్దామనుకున్నాను, అంతే. అడుగున స్క్రూలు తీసి మూత పైకెత్తాను. అక్కడ తెలుసుకోవాల్సిందేమిటంటే, మూతకీ లోపలి బోర్డుకీ మధ్య రెండు పల్చటి ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి, కీలు నొక్కిన సంగతి బోర్డుకి మోసేవి అవే. సుమారు ముప్పై ఐదేళ్ళ నాటి ప్లాస్టిక్ అది. వేయించకముందు అప్పడం ఎలా ఉంటుందో అలా పెళుసుగా ఉంది. నేను మూత ఎత్తింది కూడా మెల్లగా కాదు, సాంబారు గిన్నె మూత తీసినట్టు ఎత్తాను. శబ్దమేమీ రాలేదు. దుమ్ము దులిపి, పట్టీలు మళ్ళీ దూర్చి, మూసేసి ఆన్ చేశాను. స్క్రీన్ మామూలుగానే వచ్చింది. జే నొక్కితే లోడ్ అని పడింది (ఆట ఎక్కించే ఆ మాట మొత్తం ఒక్క కీతో పడుతుంది), కోట్ గుర్తులు రెండూ పడ్డాయి, ఎంటర్ పనిచేసింది. హమ్మయ్య అనుకుని అటిక్ అటాక్ అని ఇంకో అల్టిమేట్ ఆట క్యాసెట్ పెట్టాను. ఐదు నిమిషాలు ఆట ఎక్కేటప్పుడు వచ్చే కీచుకీచు మోత విని, ఆట మొదలయ్యాక చూస్తే మనిషి కదల్డు. దయ్యాలు వస్తున్నాయి, స్క్రీన్ పక్కన ఉండే కోడి (మన ప్రాణం ఎంత మిగిలిందో చూపించే వేయించిన కోడి అది, తిన్నకొద్దీ ఎముకలు తేలుతాయి) కరిగిపోతోంది, నేను క్యూ నొక్కుతున్నాను, డబ్ల్యూ నొక్కుతున్నాను, వాడు బొమ్మలా నిలబడి ఉన్నాడు. మూడు ప్రాణాలూ అలా నిలబడే పోగొట్టుకున్నాడు.

ఏడుపొచ్చినంత పనైంది. మిషన్ మొత్తం పాడు చేశాననే అనుకున్నాను. విసుగుతో జెట్‌ప్యాక్ పెట్టాను, ఎందుకు పెట్టానో నాకే తెలీదు. అది ఆడుతోంది! క్యూ నొక్కితే లేవడం లేదు గానీ, కంగారులో ఎడాపెడా నొక్కుతుంటే కుడిచెయ్యి ఎక్కడో పీ మీదో ఓ మీదో పడినప్పుడు లేస్తోంది. నైట్ లోర్ పెట్టాను. ఎడమ వైపు నొక్కితే ఎగరడు, కుడి వైపు నొక్కితే ఎగురుతాడు. అంటే ఆ వరసలో క్యూ నుంచి టీ దాకా ఐదు కీలే చచ్చాయి, వై నుంచి పీ దాకా ఐదూ బతికే ఉన్నాయి.

ఎందుకలా అన్నది మా తమ్ముడు ఫోన్లో చెప్పాడు, వాడిది ఆ లైనే. ఈ మిషన్లో నలభై కీలు ఐదేసి చొప్పున ఎనిమిది గుంపులు. ప్రతి వరసా ఎడమ ఐదు, కుడి ఐదుగా రెండు ముక్కలు. ఒక గుంపుని చదవడానికి ప్రోగ్రాముకి ఒక్క చూపు చాలు. నేను లాగినప్పుడు పట్టీలో ఒక్క గీత తెగింది, దాంతో ఒక్క గుంపు పోయింది. అటిక్ అటాక్‌లో ఎడమ, కుడి, కింద, పైన, ఆయుధం విసరడం ఈ ఐదూ వరసగా క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ మీద పెట్టారు. సరిగ్గా ఆ ఒక్క గుంపే! వాళ్ళదే ఇంకో ఆట సేబర్ వుల్ఫ్ కూడా అంతే. అందుకే ఆ రెండూ పూర్తిగా పడుకున్నాయి, జెట్‌ప్యాక్, నైట్ లోర్ కుంటుతూ నడిచాయి. "అక్కా, నువ్వు గనక ఇంకో గీత తెంపి ఉంటే లోడ్ అని కొట్టడానికే దిక్కుండేది కాదు" అన్నాడు. అదీ నిజమే, లోడ్‌కి కావలసిన జే, పీ, ఎంటర్ అన్నీ కుడి వైపువే.

ఆ నాలుగు నెలలూ నేను చూసినవాళ్ళందరికీ ఇదే చెప్పుకుని తిరిగాను, ఎంత ముందుచూపో చూడండి, కీబోర్డు సగం పోయినా ఆట ఆగకుండా చేశారు, అని. ఇప్పుడు అంత గట్టిగా అనను. తమ్ముడు చెప్పిన లెక్క ప్రకారం వరస మొత్తాన్ని ఒక పనికి ఇవ్వడం కూడా పొదుపే, ఏ కీ నొక్కారో విడదీసి చూసే పని లేదు, గుంపులో ఏదో ఒకటి నొక్కి ఉంటే చాలు. ఐదు పనుల్ని ఒకే గుంపులో సర్దడమూ పొదుపే, ఒక్క చూపులో ఐదూ తెలిసిపోతాయి. 16కెలో ఆట ఇమిడ్చినవాళ్ళ చేతికి పొదుపు అలవాటై ఉంటుంది. ఆ పొదుపే నాకు ఒక ఆటని మిగిల్చింది, ఇంకో ఆటని పట్టుకుపోయింది.

నైట్ లోర్ మీద ఇంకో మాట. నా దృష్టిలో వాళ్ళ ఆటలన్నిటిలోకీ ఇదే పై మెట్టు, అందులో మార్పు లేదు. 1984లో, 48కెలో, గది మొత్తం మూలనుంచి చూసినట్టు కనపడడం, బల్ల వెనక్కి వెళ్తే మనిషి నిజంగా బల్ల చాటుకి వెళ్ళడం! సేబర్ వుల్ఫ్ కన్నా ముందే ఇది తయారైపోయిందట. ఇది బయటికొస్తే సేబర్ వుల్ఫ్ ఎవరూ కొనరని దాచి పెట్టుకున్నామని తర్వాత వాళ్ళే చెప్పారు. ఐదున్నర పౌండ్లున్న ఆట ధరని దాదాపు పది పౌండ్లకి పెంచింది కూడా ఆ సేబర్ వుల్ఫ్‌తోనే. వ్యాపారం తెలిసినవాళ్ళు, ఏమంటాం. అయితే ఆరేళ్ళు ఆడాక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. గదిలో కదిలే వస్తువులు రెండు మూడు ఉంటే ఆట చీరకుచ్చిళ్ళు పట్టుకుని మెట్లెక్కినంత నెమ్మదిగా సాగుతుంది, ఖాళీ గదిలోకి రాగానే పరిగెడుతుంది. అందులోనూ నలభై రోజుల గడువు, కుండలో పద్నాలుగు వస్తువులు వెయ్యాలి, రాత్రయితే మనవాడు తోడేలుగా మారిపోతాడు, మారేటప్పుడు గింగిరాలు తిరుగుతూ ఉంటే మనం చెప్పేది వినడు. నేను ఒక్కసారి కూడా పూర్తి చెయ్యలేదు. మొదటి ఏడాది ఎవరైనా అడిగితే, కష్టమైన ఆట అని గర్వంగా చెప్పేదాన్ని. ఇప్పుడైతే ఓపిక ఉంటేనే పెట్టు అంటున్నాను.

క్యాసెట్ల గురించి కూడా చెప్పకపోతే తప్పు. ఐదింట్లో రెండు మొదట్లో లోడ్ అయ్యేవి కావు, చివరిదాకా వచ్చి ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్ అని ముఖం మీద కొట్టేవి. మా నాన్న తెనాలిలో ముప్పై ఏళ్ళు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేశారు. ఇక్కడికొచ్చినప్పుడు ఆ కీచు శబ్దం వింటూనే "హెడ్డు వాలిందమ్మా, శబ్దం మూసుకుపోయింది చూడు" అని సన్న స్క్రూడ్రైవర్ అడిగారు. క్యాసెట్ తిరుగుతుండగానే హెడ్డు పక్కన ఉండే బుల్లి స్క్రూని పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ, శబ్దం పదునెక్కిన చోట ఆపేశారు. హెడ్డుని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచారు. స్క్రీన్ అంచుల్లో నీలం, పసుపు చారలు నిలకడగా పరిగెట్టాయి, ఆట ఎక్కింది. ఏం ఆటో ఆయనకి అక్కర్లేదు, పాట అయితే ఇంకా బాగుండునన్నారు.

వాళ్ళ కథ ఆ తర్వాత స్పెక్ట్రమ్‌లో పెద్దగా మిగల్లేదు. అల్టిమేట్ పేరు యూఎస్ గోల్డ్ అనే ఇంకో ఆటల కంపెనీ చేతికి వెళ్ళింది, అన్నదమ్ములు నింటెండో వైపు తిరిగి రేర్ కంపెనీగా మారారు, ఆ రేర్ ఉండే ట్వైక్రాస్ ఊరు కూడా లెస్టర్‌షైరే. 2002లో మైక్రోసాఫ్ట్ రేర్‌ని 37.5 కోట్ల డాలర్లకి కొనేసింది. 1987 నాటి చివరి అల్టిమేట్ ఆటల్లో బబ్లర్ ఒకటి మా డబ్బాలో ఉంది. దాని గురించి రాయకపోవడమే మర్యాద.

మా పిల్లాడు ఇవే ఆటల్ని ఎక్స్‌బాక్స్‌లో రేర్ రీప్లేలో ఆడతాడు. 2015లో వచ్చిన ముప్పై ఆటల కట్ట అది. అందులో ప్రాణం పోతే వెనక్కి తిప్పుకోవచ్చు. వాడు జెట్‌ప్యాక్‌లో నన్ను ఎప్పుడో దాటేశాడు. మీకు టైమ్ లేకపోయినా, ఇంట్లో ఎక్స్‌బాక్స్ ఉన్నా అదే కొనుక్కోండి, నేనేమీ అనుకోను. అసలు మిషనూ, క్యాసెట్లూ కావాలంటే మాత్రం స్క్రూడ్రైవర్ పట్టే ఓపిక ఉండాలి, లేదా మా నాన్నలాంటి నాన్న ఉండాలి. నాకైతే పొద్దున్నే ఐదు నిమిషాల లోడింగ్ మోత వార్డు తలలోంచి దిగడానికి పనికొస్తుంది. అది నా డ్యూటీ గొడవ, అందరికీ ఆ మోత నచ్చాలని లేదు.

కీబోర్డు పట్టీ కొత్తది తెప్పించి వేశాను. ఇప్పుడూ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు, పెద్ద ఖరీదేం కాదు. పైన రేకు ఊడదియ్యడమే కష్టం, ఈసారి మెల్లగా తీశాను. నలభై కీలూ పనిచేస్తున్నాయి. అటిక్ అటాక్‌లో తాళంచెవి మూడు ముక్కల్లో ఉంటుంది, కలిపితే కంపెనీ పొడి అక్షరాలు ఏసీజీ అని వస్తుంది. రెండు ముక్కలు దొరికాయి, మూడోది ఇంకా వెతుకుతున్నాను. నైట్ లోర్ పెట్టినప్పుడు మాత్రం ఎగరడానికి నా వేలు ఇప్పటికీ పీ మీదికే వెళ్తుంది.