విజయనగరంలో ఏ-జీరో ప్లాన్ ప్రింట్లు: 100 మిల్లీమీటర్లంటే 100 మిల్లీమీటర్లే

ఏ-జీరో, అంటే ఇంటి ప్లాన్లంత పెద్ద కాగితాల మీద ప్రింట్లు తీసే ఈ షాపు గురించి రాయాలని రెండు నెలలుగా అనుకుంటున్నాను. పని కాస్త ముందుకు నడిచాక రాస్తేనే న్యాయమని ఆగాను. ఇప్పుడు ఆ ప్రింట్ల మీద నేను కడుతున్న మోడల్ విమానానికి కింది రెక్కలు రెండూ అయ్యాయి, పై రెక్క బల్ల మీద ఉంది.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో 20 ఏళ్ళు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేశాను. రిటైరయ్యాక సొంతూరు విజయనగరం వచ్చేశాను. ప్రస్తుతం నేను కడుతున్నది డి హావిలాండ్ టైగర్ మాత్ అనే, పైనొక రెక్క కిందొక రెక్క ఉండే పాత శిక్షణ విమానానికి ఎనిమిదో వంతు మోడల్. అసలు విమానం 1931 అక్టోబరు 26న మొదటిసారి ఎగిరింది. ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి, మన ఎయిర్‌ఫోర్స్‌లో తొలి తరం పైలట్లు దీని మీదే చెయ్యి తిప్పుకున్నారు. 2012లో హిండన్‌లో ఎయిర్‌ఫోర్స్ డే నాడు బాగు చేసిన పాత టైగర్ మాత్ ఒకటి ఎగిరింది. కింద నిలబడి చూశాను. ఆ ఇంజను చప్పుడు జెట్ల చప్పుడులా గుండెల మీద పడదు, పక్క వీధిలో ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఉంటుంది. అప్పుడే అనుకున్నాను, దీన్ని నా చేత్తో కట్టాలని.

కిట్టు కొంటే ముక్కలన్నీ కోసి ఇస్తారు, అతికించుకోవడమే. ప్లాన్ నుంచి కట్టడం అలా కాదు. చేతిలో ఉండేది ఒక డ్రాయింగు, బాల్సా అనే చాలా తేలిక కర్ర షీట్లు కొన్ని, ఒక బ్లేడు. డ్రాయింగును మెత్తటి బోర్డు మీద పరిచి, పుస్తకాలకు అట్టలు వేసే ట్రాన్స్‌పరెంట్ కవరు దాని మీద కప్పి, గీతల మీదే కర్రలు పెట్టి గుండుసూదులు గుచ్చి అతికిస్తాం. అంటే కాగితం మీద గీత ఎక్కడుంటే విమానం అక్కడుంటుంది. ప్రింటు తప్పయితే ఎంత పనితనం చూపించినా ఆ తప్పునే నీటుగా కట్టినట్టు.

అది నాకు అనుభవమే. మొదటిసారి ప్లాన్‌ను వేరే ఊళ్ళో తీయించాను. షాపు పేరు అనవసరం. కాగితానికి సరిపోయేలా అదే సర్దుకునే ఆప్షన్‌తో ప్రింటు కొట్టారు. చూడ్డానికి ఏ తేడా తెలియదు. ఇంటికి తెచ్చి 24 రిబ్బులు, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డ ముక్కలు, కోశాను. రిబ్బులన్నిటినీ కలుపుతూ రెక్క పొడవునా పోయే స్పార్ కర్ర 6 మిల్లీమీటర్లది, రిబ్బులో దాని గాడి కూడా 6 ఉండాలి. ఒక్క రిబ్బులోనూ కర్ర దిగలేదు. నా బ్లేడు పక్కకి పోతోందేమో అనుకుని, ఒక్కో గాడినీ సాండ్ పేపరుతో రుద్ది సరిచేశాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఆ తర్వాత పై రెక్క మధ్య భాగాన్ని ప్లాన్‌లో రాసిన అంకెల ప్రకారం కట్టి పక్కన పెడితే, రెక్క దానికి అందలేదు. అప్పుడు స్టీలు స్కేలు తీసి డ్రాయింగు మీద కొలత గీత కొలిచాను. 100 మిల్లీమీటర్లని రాసి ఉంది, స్కేలు మీద 96.5.

ఎనిమిదో వంతులో టైగర్ మాత్ రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి సుమారు 1118 మిల్లీమీటర్లు. నూటికి మూడున్నర చొప్పున పోతే 39 మిల్లీమీటర్లు మాయం. పోనీ మొత్తం విమానమే కాస్త చిన్నదవుతుంది కదా అనుకోవచ్చు. కాదు. కాగితం మీద గీతలు కుంచించుకుపోతాయి గానీ, కొనుక్కొచ్చిన బాల్సా షీటు మందం కుంచించుకుపోదు. అందుకే ఏ గాడిలోనూ ఏదీ దిగదు. 24 రిబ్బులూ పక్కన పడేశాను. మనసుకు చాలా కష్టమేసింది. కొలత గీతను ముందే కొలిచి ఉండాల్సింది నేనే.

ఇక ఈ షాపు సంగతి. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వెళ్తుంటే పక్క సందులో, మొదటి అంతస్తులో ఉంటుంది. బోర్డు మీద షాపు పేరు చిన్నది, ‘ఇంటి ప్లాన్లు, ఏ-జీరో ప్రింట్లు’ అన్నదే పెద్దది. వచ్చేవాళ్ళంతా ఇంటి ప్లాన్లు మున్సిపల్ కార్పొరేషన్లో పెట్టుకునేవాళ్ళు, వాళ్ళ తరఫు సివిల్ ఇంజనీర్లు. మిషను దగ్గర ఉండే కుర్రాడికి పాతికేళ్ళుంటాయి. పెన్‌డ్రైవ్ ఇచ్చాను. ఫైలు తెరిచి చాలాసేపు చూశాడు.

“ఇదేటి బాబాయ్, ఇంటి ప్లాన్ కాదేటి?”

విమానం అన్నాను. కుర్చీ జరుపుకుని మళ్ళీ చూశాడు. రెండో ప్రశ్న వేశాడు చూడండి, దానికే ఈ షాపు మీద నాకు గురి కుదిరింది.

“కుడి రెక్కే గీశారు. ఎడమ రెక్క ఏదండి?”

పాత ప్లాన్లలో కాగితం కలిసొస్తుందని ఒకవైపు రెక్కే గీస్తారు. రెండో రెక్క కోసం మేం కాగితానికి కొబ్బరినూనె రాసి, వెనక నుంచి గీతలు కనబడేలా చేసుకుని, తిరగేసి దాని మీదే కట్టేవాళ్ళం. ఆ సంగతి చెప్పాను. “నూనెందుకు బాబాయ్, అద్దంలోలా తిప్పి ఇంకో షీటు తీసేస్తాను” అన్నాడు.

మొదటి ప్రింటు అనుభవం చెప్పి, కొలత తేడా రాకూడదన్నాను. నేను 100 మిల్లీమీటర్ల గీత గురించే అడుగుతున్నాను. అతను ఫైలు మూలన 500 మిల్లీమీటర్ల గీతలు రెండు వేశాడు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ముందు ఆ ముక్క వరకే ప్రింటు తీశాడు. స్కేలు నా సంచిలో ఉంది, ఇద్దరం కలిసి కొలిచాం. అడ్డం సరిగ్గా 500. నిలువు 498.5. రోలు తిరిగే వైపు కాగితం జరగడంలో మిషనుకు ఆ మాత్రం తేడా వస్తుందట, ఇళ్ళ ప్లాన్లలో ఎవరూ పట్టించుకోరట. మిషన్‌లోనే కాగితం జరిగే కొలత సరిచేసే సెట్టింగు ఉంది. దాన్ని సరిచేసి ఇంకో ముక్క తీశాడు. 499.5. మళ్ళీ సరిచేశాడు. 500. అప్పటికి 20 నిమిషాలు దాటింది, నా వెనక ముగ్గురు నిలబడ్డారు. “ఒక్క నిమిషం సార్, ఇది విమానం పని” అని వాళ్ళకి చెప్పి మరీ చేశాడు. ఆ టెస్టు ముక్కలకు డబ్బు తీసుకోలేదు.

మొత్తం నాలుగు షీట్లు తీయించాను. బాడీ, తోక ఒకటి, కుడి రెక్కలు ఒకటి, తిప్పి తీసిన ఎడమ రెక్కలు ఒకటి, రిబ్బుల నమూనాలు కత్తిరించుకోవడానికి కుడి రెక్కల షీటుదే ఇంకో కాపీ. షీటు 110 రూపాయల చొప్పున 440 అయింది. ఇదే కొలత కోసం విశాఖ దాకా వెళ్ళి వచ్చేవాళ్ళు బస్సు చార్జీలు లెక్కేసుకోండి.

టైగర్ మాత్‌కు ఈ కచ్చితత్వం మరీ ముఖ్యం. ముందు సీట్లో కూర్చున్నవాడు పారాచూట్‌తో బయటికి రావడానికి పై రెక్క అడ్డొచ్చేది. అందుకని పై రెక్క మధ్య భాగాన్ని ముందుకు జరిపారు. జరిపితే బరువుకీ, రెక్క పైకి లేపే బలానికీ (లిఫ్టు) ఉన్న లెక్క తప్పుతుంది కాబట్టి రెక్కలను వెనక్కి వాల్చారు. పక్క నుంచి చూస్తే ఈ విమానానికి ఆ అందం అలా వచ్చిందే. పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య నిలబెట్టే స్ట్రట్లు ఆ వాలుకు తగ్గట్టు కూర్చోవాలి. ప్రింటులో అడ్డం ఒక లెక్క, నిలువు ఒక లెక్క అయితే ఒక్క స్ట్రట్టూ తన చోట కూర్చోదు.

లోపాలూ చెప్పాలి. ఇంకుకు తడి తగలకూడదు. ఫెవికాల్ అంటిన వేలు గీత మీద పడితే గీత పాకిపోతుంది. కవరు కప్పే వరకు జాగ్రత్త. గీతలు నాకు కావలసినదానికన్నా కొంచెం లావుగా వచ్చాయి, నేను గీత లోపలి అంచు పట్టుకుని కోసుకుంటున్నాను. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ కుర్రాడు లేడు. ఇంకొకాయన షీటును అలవాటుకొద్దీ ఎనిమిది మడతలు పెట్టేశాడు. మడత మీద గీత విరిగినట్టు కూర్చుంటుంది, ఆ షీటు నాకు పనికిరాలేదు. చెప్తే మళ్ళీ తీసిచ్చారు, కానీ డబ్బు మళ్ళీ తీసుకున్నారు. అది నాకు నచ్చలేదు. కాబట్టి చుట్టి ఇవ్వమని ముందే చెప్పండి. వాళ్ళ దగ్గర గొట్టాలుండవు, న్యూస్ పేపర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. వానాకాలమైతే పీవీసీ పైపు ముక్క ఒకటి మీరే పట్టుకెళ్ళండి. మెట్లు బాగా నిటారు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టమే. సిరిమానోత్సవం వారంలో మాత్రం ఆ దారిలో పని పెట్టుకోవద్దు. పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా మనిషి మీద మనిషి.

ఇంకొకటి, ఇది షాపు తప్పు కాదు. ఏసీ గదిలో 500 ఉన్న గీత, మా ఇంట్లో ఆగస్టు గాలికి మర్నాటికి అడ్డం వైపు 500.5 అయింది. కాగితం తేమ పీల్చుకుంటుంది. ప్రింటు తెచ్చిన రోజే పని మొదలుపెట్టకుండా, ఒక రాత్రి బల్ల మీద పరిచి ఉంచండి. కుడి ఎడమ షీట్లు ఒకేరోజు, ఒకే రోలు మీద, ఒకే వైపుగా తీయించండి. పెరిగినా రెండూ ఒకేలా పెరుగుతాయి.

బాల్సా ఇక్కడ దొరకదు, కొరియర్లో తెప్పించాను. ఒక్క మాట చెప్తాను, షీట్లు రాగానే తూకం వేయండి. 3 మిల్లీమీటర్ల మందం, 100 వెడల్పు, మీటరు పొడవు షీట్లు పది వచ్చాయి. చిన్న త్రాసు మీద పెడితే అన్నిటికన్నా తేలికది 33 గ్రాములు, బరువుది 62. కొలతలు ఒకటే, బరువు దాదాపు రెట్టింపు. తేలికవి తోకకు, గట్టివి స్పార్లకు తీసిపెట్టాను. ఈ విమానానికి ముక్కు పొట్టి కాబట్టి తోకలో ఒక గ్రాము పెరిగితే, ముందు వెనకల బరువు సమానం కావడానికి ముక్కులో రెండు మూడు గ్రాముల సీసం పెట్టాల్సి వస్తుంది.

నిన్న ఎడమ కింది రెక్కను గుండుసూదులు పీకి బోర్డు మీద నుంచి లేపాను. ముందే కట్టిన కుడి రెక్కతో వీపు వీపు కలిపి, మొదళ్ళు సమానం చేసి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. రిబ్బుకు రిబ్బు కలిసింది. కొసన తేడా అర మిల్లీమీటరు. సోమవారం రెండిటినీ పాత దుప్పట్లో చుట్టి ఆ మెట్లెక్కి తీసుకెళ్తాను. “అయ్యాక ఓసారి చూపించు బాబాయ్” అన్నాడు కుర్రాడు.