ఐస్ హాకీ కుర్ర స్కోరర్లు: ఎవరి కోసం తెల్లవారుజామున లేవచ్చు, ఎవరి మ్యాచ్‌కు టికెట్ కొనచ్చు

ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్) కుర్రాళ్లను పోల్చమంటే చాలామంది గోల్స్ లెక్కపెట్టి వరుస కట్టేస్తారు. అది సరిపోదు. ఎన్ని మ్యాచ్‌ల్లో కొట్టాడు, ఎక్కడి నుంచి కొట్టాడు, పక్ (ఐస్ మీద జారే రబ్బరు బిళ్ల) అందించేవాళ్లు ఎట్లాంటివాళ్లు అన్నది కూడా చూడాలి. 2024-25 సీజన్ అయిపోయేనాటికి 24 ఏళ్లు మించని ఐదుగురిని ఇక్కడ తీసుకున్నాం. హన్మకొండలో ఫోన్ ముందు కూర్చునేవాళ్లకూ, పిల్లల దగ్గరికి డాలస్‌కో శాన్ హోసేకో పోయి టికెట్ కొనేవాళ్లకూ పనికొచ్చేట్టు రాస్తున్నాం.

ముందు అంకెలు చూద్దాం. ఆ సీజన్‌లో మాంట్రియల్ ఆటగాడు కోల్ కాఫీల్డ్ 82 మ్యాచ్‌ల్లో 37 గోల్స్ కొట్టాడు. డాలస్ ఆటగాడు వాయట్ జాన్‌స్టన్ 82లో 33, ఫిలడెల్ఫియా ఆటగాడు మాత్వే మిచ్‌కోవ్ 80లో 26, శాన్ హోసే ఆటగాడు మాక్లిన్ సెలబ్రీని 70లో 25, షికాగో ఆటగాడు కానర్ బెడార్డ్ 82లో 23. సెలబ్రీని కూడా పూర్తి సీజన్ ఆడి ఉంటే అదే లెక్కన 29 దాటేవాడు. వీటిని దేనితో కొలవాలంటే, అదే లీగ్‌లో పేరున్న స్కోరర్ ఆస్టన్ మాథ్యూస్ 19 ఏళ్లకే మొదటి సీజన్‌లో 40 కొట్టాడు, 2023-24లో 69 కొట్టాడు. 2024-25 అయిపోయేనాటికి ఈ ఐదుగురూ ఆ మెట్టుకు కిందనే ఉన్నారు. పేపర్లో పొగడ్తలు చదివి ఆట చూస్తే నిరాశపడేది అందుకే.

గోల్ కొట్టడం ఒక్కటే చూస్తే మా ఓటు కాఫీల్డ్‌కే. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఆ ఎత్తు చూసే 2019 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను జట్లు వరుసగా ఎంచుకునే చోట) జట్లు వెనకాడాయి, 15వ వాడిగా దొరికాడు. కుడిచేతి షూటర్, కానీ పవర్ ప్లేలో (తప్పు చేసి ఎదుటి జట్టులో ఒకడు బయట కూర్చున్నప్పుడు) గోల్‌కేసి చూస్తే ఎడమ పక్క ఐస్ మీద గీసిన సర్కిల్ దగ్గర నిలబడతాడు. అక్కడి నుంచి అతని స్టిక్ బ్లేడ్ రింక్ (ఆడే ఐస్ మైదానం) మధ్యకు తెరుచుకుని ఉంటుంది. అవతలి వైపు నుంచి పాస్ రాగానే పక్‌ను ఆపకుండా వచ్చినదాన్ని వచ్చినట్టే కొడతాడు. గోల్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. గోలీ కుదురుగా నిలబడితే కొట్టడానికి సందే ఉండదు. పాస్ అడ్డంగా వచ్చినప్పుడు మాత్రం గోలీ ఒక కొస నుంచి ఇంకో కొసకు జరగాలి. ఆ జరిగే క్షణంలోనే కాఫీల్డ్ షాట్ వచ్చేస్తుంది. లీగ్‌లో గోల్స్ రికార్డు ఉన్న ఒవెచ్కిన్ ఇన్నేళ్లు గోల్స్ పండించుకున్నది కూడా ఆ జాగా నుంచే.

మరి ఎక్కడ దెబ్బతింటాడు? పాస్ రాకపోతే మాయమైపోతాడు. 2021-22లో మొదటి 30 మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్కటే గోల్. ఫిబ్రవరిలో కోచ్ మారి మార్టిన్ సెయింట్ లూయీ వచ్చాక మిగిలిన 37 మ్యాచ్‌ల్లో 22 కొట్టాడు. కొత్త కోచ్ కూడా ఒకప్పుడు అదే పొట్టి ఎత్తుతో లీగ్‌ను ఏలినవాడే, కాబట్టి పిల్లగాడిని ఎక్కడ నిలబెట్టాలో తెలుసు. 2022-23లో 46 మ్యాచ్‌లకే 26 కొట్టి మంచి ఊపు మీద ఉండగా భుజానికి ఆపరేషన్ అయింది. తర్వాతి ఏడాది 300 పైచిలుకు షాట్లు కొట్టినా 28 గోల్సే వచ్చాయి. భుజం కుదుటపడ్డాక అంతకంటే తక్కువ షాట్లతోనే 37 తెచ్చాడు. అందుకే ఒక్క సీజన్ అంకె చూసి ఇతన్ని ఎక్కువ చేయొద్దు, తక్కువా చేయొద్దు.

బెడార్డ్ విషయంలో మాత్రం ప్రచారం గోల్స్ కంటే ముందు నడిచింది. 2023 డ్రాఫ్ట్‌లో మొదటివాడు. అంతకుముందు జూనియర్ లీగ్‌లో రెజైనాకు ఆడుతూ 57 మ్యాచ్‌ల్లో 71 గోల్స్ కొట్టాడు. షాట్ నిజంగానే గొప్పది. స్లో మోషన్‌లో చూడండి: పక్‌ను ముందుకు చాపి పట్టుకుని, కొట్టే ముందు చటుక్కున తన కాళ్ల వైపు లాక్కుంటాడు. ఆ ఒక్క లాగుడుతో కోణం మారిపోతుంది. గోలీ ఇంకా పాత కోణానికే నిలబడి ఉంటాడు, పక్ డిఫెండర్ కాళ్ల సందులోంచి వస్తుంది. జూనియర్‌లో ఈ లాగుడుకు టైం దొరికేది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ అర సెకను ఇవ్వరు, రింక్ చుట్టూ ఉండే బోర్డుల వైపు నెట్టేస్తారు. దాంతో షాట్లు దూరం నుంచి, పక్క కోణం నుంచి పడతాయి. మొదటి సీజన్‌లో దవడ విరిగి 14 మ్యాచ్‌లు పోయినా 68లో 22 కొట్టాడు. రెండో సీజన్‌లో అన్ని మ్యాచ్‌లూ ఆడి 23 దగ్గరే ఆగాడు. షికాగో జట్టు బలహీనం, నిజమే. కానీ అదే సీజన్‌లో సెలబ్రీని ఆడింది పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుకు.

సెలబ్రీని 2006లో పుట్టాడు, ఐదుగురిలో చిన్న. ఆడేది సెంటర్‌గా, అంటే గోల్ కొట్టడమే కాదు, వెనక్కి ఉరికి సొంత గోల్ దగ్గర కూడా కాపు కాయాలి. ఆ పని చేస్తూనే 70 మ్యాచ్‌ల్లో 63 పాయింట్లు (గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు అంటే అసిస్ట్‌లు కలిపి) తెచ్చాడు. తొలి మ్యాచ్‌లోనే ఒక గోల్, ఒక అసిస్ట్. ఆ వెంటనే గాయంతో 12 మ్యాచ్‌లు కూర్చున్నాడు. ఎదుటివాడి స్టిక్ కింది నుంచి పక్ ఎత్తుకుపోయి అదే ఊపులో గోల్ ముందరికి దూసుకుపోవడం ఇతని ఆట. గోల్స్ దగ్గరి నుంచి వస్తాయి కాబట్టి దూరం నుంచి గాలివాటంగా కొట్టేవాళ్ల కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. ఐదేళ్ల తర్వాత ఈ ఐదుగురిలో ఎవరు పైన ఉంటారంటే మేము చెప్పే పేరు ఇదే.

మిచ్‌కోవ్‌కు చేతులే బలం. గోల్ వెనక, మూలల్లో, ఇంకెవరికీ సందు కనిపించని చోట పని కానిస్తాడు. 2024-25లో కొత్తవాళ్లందరిలో ఎక్కువ గోల్స్ అతనివే. వెనక్కి వచ్చి కాపు కాయడంలో మాత్రం బద్ధకం. కోచ్ ఆ సీజన్‌లోనే పక్కన కూర్చోబెట్టాడు కూడా.

నమ్మకం కావాలంటే జాన్‌స్టన్. మొదటి మూడు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. గోల్స్ 24, 32, 33. 2024 ప్లేఆఫ్స్‌లో 19 మ్యాచ్‌ల్లో ఇంకో 10. కళ్లు చెదిరే షాట్ ఉండదు. గోల్ ముందు డిఫెండర్లు మరచిపోయే జాగాలోకి సరిగ్గా పాస్ వచ్చే వేళకు చేరుకుంటాడు. మొదటి ఏడాది జట్టులోని సీనియర్ జో పావెల్స్కీ ఇంట్లోనే ఉన్నాడు. నర్సంపేట పిల్లవాడు హన్మకొండలో బాబాయి ఇంట్లో ఉండి ఇంటర్ చదివినట్టు. పావెల్స్కీ గోల్స్ కొట్టిందీ గోల్ ముందరి ఆ జాగా నుంచే, చదువు బాగానే అబ్బింది.

ఇక టైం. అక్కడ సాయంత్రం 7కు మొదలయ్యే మ్యాచ్ మాంట్రియల్, ఫిలడెల్ఫియాలో అయితే మనకు చలికాలంలో ఉదయం 5:30, వాళ్లు గడియారం మార్చే నవంబర్ మొదటి ఆదివారానికి ముందు, మార్చి రెండో ఆదివారం తర్వాత 4:30. డాలస్, షికాగో అయితే ఇంకో గంట ఆలస్యం. శాన్ హోసే 8:30 లేదా 7:30, అంటే టిఫిన్ ముందు పెట్టుకుని సెలబ్రీనిని చూడొచ్చు. నిద్ర మానుకోవాల్సి వస్తే కాఫీల్డ్ కోసం మానుకోండి, మిగతావాళ్లకు యూట్యూబ్‌లో లీగ్ పెట్టే హైలైట్స్ చాలు. మ్యాచ్‌లో ఉండే మూడు పీరియడ్లలో ఒక్కటే చూసే తీరిక ఉంటే రెండోది చూడండి. అందులో బెంచీ సొంత గోల్‌కు దూరమవుతుంది, అలసిన డిఫెండర్లు ఆట మధ్యలో వేరేవాళ్లతో మారడానికి అంత దూరం పోలేక ఇరుక్కుపోతారు, గోల్స్ ఎక్కువ పడతాయి.

ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో పిల్లలున్నవాళ్లు జాన్‌స్టన్‌కు టికెట్ కొనేటప్పుడు డాలస్ బెంచీకి దూరంగా ఉన్న గోల్ వైపు చూడండి. సాధారణంగా సొంత జట్టు మొదటి, మూడో పీరియడ్లలో అటే దాడి చేస్తుంది. అద్దం పక్క సీటు ఖరీదెక్కువ, అక్కడి నుంచి అవతలి సగం కనబడదు. పై అంతస్తులో ముందు వరుసలు తక్కువకు వస్తాయి, జాన్‌స్టన్ డిఫెండర్ వెనక నుంచి జారుకోవడం అక్కడి నుంచే తెలుస్తుంది. మ్యాచ్ రెండున్నర గంటలు, లోపల చల్లగా ఉంటుంది. బయట టెక్సస్ ఎండ ఎంత ఉన్నా స్వెటర్ పట్టుకుపోండి.