12 అంగుళాల ప్లాస్టిక్ గోనియోమీటర్: మోకాలికి బాగుంది, రివెట్ చూసుకోండి

నేను ఫిజియోథెరపిస్టుని. కీళ్లు ఎన్ని డిగ్రీలు వంగుతున్నాయో కొలిచే ఈ పారదర్శక ప్లాస్టిక్ గోనియోమీటర్‌ని నాలుగేళ్లుగా రోజూ వాడుతున్నాను. స్కూల్లో వాడే కోణమానినికి రెండు పొడవాటి పట్టీలు బిగించినట్టుంటుంది, అంతే.

మోకాలు కొలవడానికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. రెండు పట్టీలనీ కలిపే రివెట్‌ని మోకాలి బయటివైపు ఎముక మీద పెట్టి, ఒక పట్టీని తుంటి పక్కన చేతికి తగిలే గుబ్బ వైపు, రెండోదాన్ని చీలమండ బయటి గుబ్బ వైపు తిప్పాలి. పట్టీలు పొడుగు కాబట్టి గురి తప్పదు. ముందే వేలితో ఎముక వెతికి పెన్నుతో పెట్టుకున్న చుక్క ప్లాస్టిక్ లోంచి కనిపిస్తుంది. ఇంతకుముందు వాడిన స్టీలుదానితో ఆ చుక్క మూసుకుపోయేది.

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ "ఎంత వచ్చిందమ్మా?" అంటూ స్కేలు వంకే చూస్తుండేవారు. ఒక వారం 82, తర్వాతి వారం 91. కుర్చీలోంచి తేలిగ్గా లేవాలంటే 90 దాటాలి. ఆ తొమ్మిది డిగ్రీల కోసం ఆవిడ ఎంత నొప్పి ఓర్చుకున్నారో దగ్గరుండి చూశాను. అందుకే కొలత విషయంలో రాజీపడలేను. ఐదు డిగ్రీల లోపు తేడా కొలవడంలోనే వచ్చేయొచ్చు కాబట్టి, రెండు మూడు డిగ్రీలకే "పెరిగింది" అని చెప్పను. ప్రతిసారీ నేనే కొలుస్తాను.

ఇక లోపం: రివెట్. మొదటి పీసుది ఏడాదిన్నరకే వదులైంది. కాలి మీంచి తీసి చదివేలోపు పట్టీ జారిపోయేది. ఒకసారి 104 అని రాసేశాక అనుమానమొచ్చి మళ్లీ పెట్టి చూస్తే 96! ఆ రోజంతా మనసు మనసులో లేదు. అప్పట్నుంచి కాలి మీద ఉండగానే, కళ్లు స్కేలుకి సమానంగా తెచ్చుకుని చదువుతున్నాను. రివెట్ బదులు బిగించుకునే స్క్రూ పెట్టి ఉంటే ఈ బాధే ఉండేది కాదు.

అంకెలు రెండు వరసల్లో ఎదురెదురుగా ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు 70కి బదులు 110 చదివేస్తారు. కాలు లంబకోణం దాటి వంగిందా లేదా అని ముందు కంటితో చూసుకోండి. వేళ్లకు మాత్రం ఇది పనికిరాదు, చిన్నది వేరే కావాలి.

కొనేముందు ఒక పట్టీని నిలువుగా పట్టుకుని, రెండోదాన్ని అడ్డంగా తెరిచి వదలండి. దానంతటదే కిందికి జారితే ఆ పీసు తీసుకోకండి.