అలబామా బర్మింగ్‌హామ్: ఒక్కదాన్నే వెళ్ళి చూసొచ్చిన ఐదు రాత్రులు

బర్మింగ్‌హామ్ అంటే ఇంగ్లండులో ఉన్నది కాదని ముందు అమ్మకు చెప్పవలసి వచ్చింది. అలబామా రాష్ట్రంలోది అన్నాను. "అక్కడ మనవాళ్ళు ఉన్నారా?" అని అడిగింది. అది చూసి రావడానికే వెళ్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను.

నాకు 29 ఏళ్ళు. పెళ్ళి కాలేదు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నాలుగేళ్ళుగా డేటా అనలిస్టుగా పనిచేస్తున్నాను. బర్మింగ్‌హామ్‌లోని ఒక సంస్థ ఉద్యోగం ఇస్తానంది. జీతం దాదాపు ఇప్పటిదే, హోదా కాస్త పెద్దది, ఆఫీసు నడిబొడ్డున. జవాబు చెప్పడానికి రెండు వారాల గడువు. ఇర్వింగ్‌లో ఇడ్లీకి, పచ్చళ్ళకు, మొదటి రోజు మొదటి ఆటకు లోటు లేదు. చుట్టూ వేలమంది తెలుగువాళ్ళు. అయినా ఈ నాలుగేళ్ళలో ముందుగా కబురు చేయకుండా తలుపు తట్టగలిగిన ఇల్లు ఒక్కటి కూడా నాకు ఏర్పడలేదు. అందుకే కొత్త ఊరికి ఒకటే పరీక్ష పెట్టుకున్నాను: బుధవారం సాయంత్రం ఆరున్నరకు, పని ముగిశాక, కారు తీయకుండా, ఎవరినీ బతిమాలకుండా నేను ఎక్కడికి వెళ్ళగలను? శని, ఆదివారాలంటారా, అవి ఏ ఊళ్ళోనైనా ఎలాగోలా గడుస్తాయి.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం దిగాను. డాలస్ నుంచి నేరుగా విమానం ఉంది, రెండు గంటలు కూడా పట్టదు. విమానాశ్రయం చిన్నది, పావుగంటలో బయటపడ్డాను. దాని పేరులో షటిల్స్‌వర్త్ అని ఉంటుంది. 1956 క్రిస్మస్ రాత్రి తన ఇంటి మీద బాంబు పడినా బతికి బయటపడి పౌరహక్కుల పోరాటం నడిపిన పాస్టరు ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ ఆయన. 2008లో ఈ పేరు పెట్టారు.

మొదటి బస పూర్తిగా నా తెలివితక్కువతనం. ఆఫీసుకు పదిహేను నిమిషాల దూరం, ధర తక్కువ, ఉచిత అల్పాహారం అని చూసి 280 రహదారి మీద ఒక హోటల్‌లో రెండు రాత్రులకు డబ్బు కట్టాను. గది శుభ్రంగానే ఉంది. కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అవతల థాయ్ భోజనశాల బోర్డు కనిపిస్తోంది, అక్షరాలు చదవగలిగేంత దగ్గర. ఆకలేసి బయలుదేరాను. హోటల్ వాహనాల దారి దాటగానే కాలిబాట ఆగిపోయింది. ముందు గడ్డి, తర్వాత కాలువ, తర్వాత ఎటు చూసినా లెక్కపెట్టలేనన్ని వరుసల్లో కార్లు. పాదచారుల దీపం ఎక్కడా కనిపించలేదు. కాలువ గట్టున ఐదు నిమిషాలు నిలబడ్డాను. కారు ఆపి ఒకావిడ "అమ్మా, నీ బండి చెడిపోయిందా?" అని అడిగింది. భోజనానికి వెళ్తున్నానంటే నమ్మలేదు. చివరికి క్యాబ్ పిలిచి, ముందుకు పోయి, మలుపు తిరిగి, అటువైపు దిగాను. నూడుల్స్‌కు పన్నెండు డాలర్లు, రోడ్డు దాటడానికి పోనూ రానూ పదిహేడు. కారు లేనివాళ్ళు ఆ వైపు బస పెట్టుకోవద్దు. రెండో రాత్రి డబ్బు వదులుకుని మర్నాడు ఖాళీ చేశాను.

తర్వాత నాలుగు రాత్రులు ఫైవ్ పాయింట్స్ సౌత్ దగ్గర పాత ఇటుకల భవనంలో అద్దె గది. ఇదే ఊరు అంటే నమ్మబుద్ధి కాలేదు. చెట్ల నీడ, ఎత్తుపల్లాల వీధులు, కాలినడకన కాఫీ, మందుల దుకాణం, నాలుగైదు తినే చోట్లు. ఎక్కేటప్పుడు మోకాళ్ళు గుర్తొస్తాయి, అంతే. అసలు లోపం రాత్రి తెలిసింది. ఈ ఊరు పుట్టిందే రైలు పట్టాల కూడలిలో. గూడ్సు బండ్లు నిద్రపోవు. రెండున్నరకు ఒకటి, నాలుగుంపావుకు ఒకటి, కూత మాత్రం ఒకే శ్రుతిలో. మా తెనాలిలో స్టేషను పక్క వీధిలో పెరిగినదాన్ని కాబట్టి రెండో రాత్రికి అలవాటైంది. అలవాటు లేనివాళ్ళు దూది తెచ్చుకోవడం మంచిది.

ఇక బుధవారం పరీక్ష. సాయంత్రం రైల్‌రోడ్ పార్కుకు నడిచాను. దాదాపు ఇరవై ఎకరాల పచ్చిక, చెరువు, పక్కనే పట్టాల గట్టు. 2010లో తెరిచారు. పరుగెత్తేవాళ్ళు, కుక్కలు తిప్పేవాళ్ళు, పక్కనున్న విశ్వవిద్యాలయం ఆసుపత్రి దుస్తుల్లోనే గడ్డి మీద వాలిపోయిన నర్సులు. రోడ్డు దాటితే రీజియన్స్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానం. ఆ రోజు బర్మింగ్‌హామ్ బారన్స్ ఆట ఉంది. 1994లో బాస్కెట్‌బాల్ వదిలి మైకేల్ జోర్డాన్ ఒక ఏడాది ఆడింది ఈ జట్టుకే. టికెట్ కొని ఒక్కదాన్నే కూర్చున్నాను. పక్క సీటు పెద్దాయన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చుకున్నారు. తడి కాగితం సంచి, ఉప్పు నీళ్ళు వేళ్ళ మీదుగా కారుతున్నాయి, తొక్కలు కాళ్ళ మధ్య పడేస్తున్నారు. నా చూపు గమనించి సంచి చాపారు. అలబామాలో ఇది రోడ్డు పక్క తిండి. మా ఊళ్ళో కూడా ఇలాగే ఉడకబెడతామంటే ఆయన, ఆట వదిలేసి, ఎంతసేపు ఉడికిస్తారు, ఉప్పు ముందా వెనకా అని ఆరా తీశారు. ఆ మూడు గంటల్లో నాకు బేస్‌బాల్ సగం కూడా అర్థం కాలేదు. కానీ ఇర్వింగ్‌లో నాలుగేళ్ళుగా అలాంటి బుధవారం ఒకటి నాకు దొరకలేదు.

ఆఫీసులో గురువారం భోజనానికి కూర్చోబెట్టారు. అందరూ మర్యాదస్తులు. మొదటి ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చావని. రెండోది అలబామానా, ఆబర్నా? ఇది విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ గొడవ. మన దగ్గర ఏ హీరో అభిమానివి అన్నట్టు, కానీ జవాబు తప్పించుకునే వీలు తక్కువ. మూడోది ఏ చర్చికి వెళ్తావని. అందులో దురుద్దేశం లేదు. వాళ్ళకు అదే స్నేహాల పుట్టిల్లు. నా వయసు సహోద్యోగిని ఒకరు, ఆమెకు కూడా పెళ్ళి కాలేదు, తర్వాత కాఫీ దగ్గర అసలు మాట చెప్పింది: "ఇక్కడ అందరూ బడిలో కలిసి చదువుకున్నవాళ్ళు. పలకరింపు మొదటి రోజే దొరుకుతుంది, ఇంటికి పిలుపుకు ఏడాది పడుతుంది." పెళ్ళి పరిచయాల యాప్‌లో 50 మైళ్ళు పెట్టుకుంటే ఒక్క సాయంత్రంలో జాబితా అయిపోతుందనీ, 150 పెడితే అట్లాంటా వాళ్ళు వస్తారనీ, వాళ్ళకు గడియారం గంట ముందుంటుందనీ నవ్వింది. ఆ విషయంలో ఇర్వింగే మేలని ఒప్పుకుంటాను, అక్కడ నాకు అది పెద్దగా కలిసొచ్చిందేమీ లేకపోయినా.

ఇళ్ళు చూడటానికి శుక్రవారం పెట్టుకున్నాను. ఊరిని రెడ్ మౌంటెన్ అనే కొండ రెండుగా చీలుస్తుంది. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ దగ్గర దగ్గరే దొరకబట్టి 1871లో ఇక్కడ ఊరు లేచింది. కొండ ఇవతల పాత నగరం, అక్కడ మూడింట రెండు వంతులు నల్లజాతి వారే. అవతల హోమ్‌వుడ్, మౌంటెన్ బ్రూక్, వెస్టేవియా హిల్స్, ఇంకా దక్షిణాన హూవర్. మన దేశం వాళ్ళు చాలామంది హూవర్ వైపే ఉంటారు, కారణం బడులు. ఎవరిని అడిగినా కొండ దాటమనే చెప్పారు. పిల్లలు లేని మనిషి మంచి బడి ఉన్న చోట అద్దె ఎందుకు కట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. హూవర్‌లో చూసిన ఫ్లాట్లు విశాలంగా ఉన్నాయి, ఈతకొలను ఉంది, నడవడానికి వాహనాల దారి తప్ప మరేమీ లేదు. నడిబొడ్డున చూసిన ఒక పడకగది ఫ్లాట్లు నెలకు 1,300 నుంచి 1,700 డాలర్లు చెప్పారు. ఒకచోట మేనేజరును సుడిగాలి వస్తే ఎక్కడ దాక్కోవాలని అడిగాను. 2011 ఏప్రిల్ 27న వచ్చిన సుడిగాలి టస్కలూసా నుంచి ఈ ఊరి శివార్ల దాకా ఊడ్చుకుపోయింది. ఆయన మొదటి అంతస్తు మెట్ల కింది గది తలుపు తీసి చూపించారు. లోపల క్రిస్మస్ చెట్టు, మూడు కుర్చీలు, పెయింటు డబ్బాలు. "అవసరమైతే ఇవన్నీ తీసేస్తాం" అన్నారు. ఆ భవనాన్ని నా జాబితాలోంచి కొట్టేశాను.

డబ్బు లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే అద్దె తక్కువ అన్న మాట ఒక్కటే పట్టుకుని చాలామంది పొరబడతారు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అలబామాలో 5 శాతం వరకు ఉంది. నగర పరిధిలో పనిచేస్తే జీతంలో మరో 1 శాతం నగరం తీసుకుంటుంది. టెక్సాస్‌లో బియ్యం, కూరగాయల మీద అమ్మకపు పన్ను ఉండదు, ఇక్కడ ఉంది. రాష్ట్రం తన వాటాను 2023లో 4 నుంచి 3 శాతానికి, 2025లో 2కు తగ్గించింది గానీ స్థానిక పన్నులు దాని పైన పడతాయి. అన్నీ కలిపి చూస్తే నాకు మిగిలేది నెలకు రెండు మంచి భోజనాల డబ్బు.

అంతకంటే బరువైన లెక్క వీసాది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి 60 రోజుల వరకే గడువు. డాలస్‌లో ఆ 60 రోజుల్లో తట్టడానికి ఎన్నో తలుపులు ఉన్నాయి. ఇక్కడ విశ్వవిద్యాలయం ఆసుపత్రి, రీజియన్స్ బ్యాంకు, విద్యుత్ సంస్థ, ఆరోగ్య బీమా సంస్థ, ఇక్కడే పుట్టి 2017లో టార్గెట్ దుకాణాల సంస్థ చేతికి వెళ్ళిన, సరుకులు ఇంటికి చేర్చే షిప్ట్... ఇలా చెప్పుకుంటూ పోతే వేళ్ళు మిగులుతాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ భయం లేదు. నాకు ఉంది.

శనివారం ఉదయం పెప్పర్ ప్లేస్ సంతకు వెళ్ళాను. స్ట్రాబెర్రీలు బాగున్నాయి, ధరలు బాగా లేవు. మొక్కజొన్న రవ్వతో చేసే గ్రిట్స్ తిన్నాను. నెయ్యి, ఆవాలు, కరివేపాకు ఉంటే దాని జాతకమే మారిపోయేది. మధ్యాహ్నం వల్కన్ విగ్రహం. 1904 సెయింట్ లూయిస్ ప్రదర్శనకు పోతపోసిన 56 అడుగుల ఇనుప దేవుడు, ముందు తోలు ఆప్రాను, వెనక ఏమీ లేదు. ఆ వెనక భాగం సరిగ్గా హోమ్‌వుడ్ వైపు తిరిగి ఉంటుంది. ఊరి జనానికి ఇది తరగని హాస్యం. ఒకప్పుడు ఆయన చేతిలో ఆకుపచ్చ దీపం వెలిగేదట, రోడ్డు ప్రమాదంలో ఎవరైనా చనిపోతే ఎర్రగా మారేదట. 280 చూశాక నాకు అది తమాషాగా అనిపించలేదు.

సాయంత్రం కెల్లీ ఇంగ్రమ్ పార్కు. బాటకు రెండు వైపులా గోడల్లోంచి లోహపు కుక్కలు పళ్ళు బయటపెట్టి మీదికి దూకుతుంటాయి. నడవాలంటే వాటి మధ్యనుంచే నడవాలి. 1963 మేలో పౌరహక్కుల కోసం ఊరేగిన నల్లజాతి బడిపిల్లల మీదికి పోలీసులు కుక్కలను ఉసిగొలిపింది, నీటిగొట్టాలతో కొట్టింది ఇక్కడే. ఎదురుగా ఉన్నది అదే ఏడాది సెప్టెంబరు 15న బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయిన 16వ వీధి చర్చి. నేను భుజాలు ముడుచుకుని నడిచాను. నా వెనక వచ్చిన ఒక తల్లి తన కొడుకును ఎత్తుకోకుండా, చెయ్యి మాత్రం పట్టుకుని నడిపించింది.

ఆదివారం పదకొండు గంటలకు నడిబొడ్డున నిలబడితే మన దగ్గర బంద్ రోజులా ఉంది. కాఫీ దుకాణం కూడా మూసే ఉంది. అంత ఒంటరితనం ఈ ఐదు రోజుల్లో ఇంకెక్కడా తగల్లేదు. క్యాబ్ పిలిచి సుమారు 20 మైళ్ళ దూరంలోని పెల్హమ్ గుడికి వెళ్ళాను. భోజనాల దగ్గర పులిహోర వడ్డిస్తున్న పెద్దావిడ "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. రిటైరైన డాక్టరు గారు, మాకు పక్కన గుంటూరు. ఒక్కదాన్నే వచ్చానంటే వెంటనే సంబంధాల మాట వస్తుందని గరిటె వంక చూస్తూ సిద్ధపడ్డాను. ఆవిడ అడిగింది వేరు. "ఫ్లాటు ఎక్కడ చూశావు? పట్టాల వైపు తీసుకోకు. నేను 1980లలో వచ్చిన కొత్తలో ఆరు నెలలు నిద్ర లేదు." నా ఫోను తీసుకుని తన నంబరు తానే ఎక్కించుకున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు క్యాబ్ దొరక్కపోతే (నిజంగానే నలభై నిమిషాలు దొరకలేదు) విమానాశ్రయం దాకా ఆవిడే దింపారు. దారిలో ఎదురైన ప్రతి ఎర్ర దీపం దగ్గరా ఆ వీధిలో ఎవరు ఉంటారో చెప్పారు.

దిగేముందు "మళ్ళీ ఎప్పుడు వస్తున్నావు?" అన్నారు. ఇంకా ఒప్పుకోలేదన్నాను. "ఆదివారాలు పన్నెండుకల్లా వస్తే భోజనం ఉంటుంది, ఫోను చేయనక్కర్లేదు."

బుధవారం ఆఫీసుకు మెయిల్ పెట్టాను, వస్తున్నానని. ఏడాది అద్దె ఒప్పందం అడిగిన భవనంతో బేరమాడి తొమ్మిది నెలలకు రాయించుకున్నాను, నెలకు 60 డాలర్లు ఎక్కువైనా సరే. పట్టాలకు అవతలి వైపు గది, మెట్ల కింద ఖాళీగా ఉంది. కారు డాలస్ నుంచి ఐ-20 మీద నేనే నడుపుకుని వెళ్తాను, 640 మైళ్ళు. ప్రెషర్ కుక్కరు, ఊరగాయ జాడీలు, ఉడకబెట్టడానికి రెండు కిలోల వేరుశనక్కాయలు డిక్కీలో పెట్టుకోవాలి.