కూలిన సర్వర్ ఆనవాళ్లు: స్వాప్‌లోనా, రెండో కెర్నెల్‌తోనా?

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసులో ఫ్రీబీఎస్‌డీ, లైనక్స్ అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల సర్వర్లూ ఉన్నాయి. సర్వర్ కూలితే కారణం వెతకడానికి ఆ క్షణంలోని మెమరీని దాచుకోవాలి. ఆ పని రెండూ చెరో రకంగా చేస్తాయి. ఫ్రీబీఎస్‌డీ కూలేటప్పుడు మెమరీని సాధారణంగా స్వాప్ విభాగంలో, అంటే మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్కు భాగంలో రాస్తుంది. రీబూట్ అయ్యాక ‘సేవ్‌కోర్’ అనే ప్రోగ్రామ్ దాన్ని ఫైలుగా భద్రపరుస్తుంది. సెటప్ తేలిక. కానీ రాసేది అప్పటికే దెబ్బతిన్న కెర్నెలే (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్), మూర్ఛపోతున్న మనిషి చేత వాంగ్మూలం రాయించినట్టు! స్వాప్ చాలకపోతే అదీ దక్కదు.

లైనక్స్‌లోని కేడంప్ అనే ఏర్పాటు బూటప్పుడే కొంత మెమరీ విడిగా ఉంచి, అందులో రెండో కెర్నెల్‌ను సిద్ధం చేస్తుంది. మొదటిది కూలగానే అది లేచి, పాత మెమరీని డిస్కుకో, నెట్‌వర్క్‌లో మరో యంత్రానికో పంపాకే రీబూట్ చేస్తుంది. ఆ విడి మెమరీ మామూలు పనులకు అందదు. పాత చిన్న యంత్రాలకు అది భారమే. అయినా నా ఓటు కేడంప్‌కే.

ఏది పెట్టినా ఒకసారి కావాలని కూల్చి చూడండి. మేము చూడలేదు, మే నెలలో ఏసీ ఆగి సర్వర్ కూలిన రాత్రి మాకు మిగిలింది ఖాళీ ఫోల్డరు.