జోబోలే బొమ్మకు చంద్రపూర్‌లో పటం కట్టిస్తే

జట్‌పురా గేటు దగ్గర పటాలు కట్టే ఈ షాపులో దేవుడి పటాలకు, పెళ్లి ఫొటోలకు వంక పెట్టడానికేమీ ఉండదు. బ్రిటన్ చిత్రకారుడు ఎర్నెస్ట్ జోబోలే ప్రింటు లాంటిది చేతికిచ్చినప్పుడే అసలు పరీక్ష.

జోబోలే 1927లో సౌత్ వేల్స్ బొగ్గు సీమలో, రోంధా లోయలోని అస్ట్రాడ్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు. చదువు కార్డిఫ్‌లో అయినా, 1999లో పోయేదాకా గీసింది ఎక్కువగా సొంత లోయనే. ఒకే బొమ్మలో రోడ్డు పైనుంచి చూసినట్టు, ఇళ్ల వరస ఎదురుగా చూసినట్టు, కొండలు చుట్టూ వంగినట్టు ఉంటాయి. తర్వాతి బొమ్మల్లో రాత్రే రాత్రి: ముదురు నీలం, నలుపు, నడుమ వీధి దీపాల పసుపు. రోంధాలో ఆఖరి గని మార్డీ 1990లో మూతపడినా ఆయన లోయను వదల్లేదు. గని బొమ్మంటే మసి మొహాల కార్మికుడే ఉండాలనుకునేవాళ్లకు ఇవి ఎక్కకపోవచ్చు. ఇక్కడి సాస్తి, దుర్గాపూర్ బొగ్గు గనుల ఓబీ దిబ్బల (బొగ్గు పైనుంచి తవ్విపోసిన మట్టి గుట్టల) పక్క క్వార్టర్లలో ఉన్నవాళ్లకు మాత్రం చెప్పక్కర్లేదు.

ఇంత చీకటి బొమ్మకు మామూలు అద్దం వేస్తే ట్యూబ్‌లైటు, కిటికీ, మన మొహం కనిపిస్తాయి, బొమ్మ తప్ప. అందుకే షాపువాళ్లు గరుకు నాన్‌గ్లేర్ అద్దం వేస్తున్నారు. ఆలోచన మంచిదే, కానీ వేసేది రెండు పొరల మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట అంచు) మీద. గరుకు అద్దం బొమ్మకు ఎంత ఎడంగా ఉంటే అంత మసక. 3 మి.మీ. ఎడం వచ్చేసరికి నలుపు బూడిదలోకి దిగుతుంది, దీపాల అంచులు చెదిరిపోతాయి. 1.5 మి.మీ. మౌంట్ ఒక్కటి చాలని ముందే చెప్పండి. కోటింగ్ ఉన్న యాంటీ రిఫ్లెక్టివ్ అద్దమైతే ఇంకా మేలు, కాకపోతే బాగా ఖరీదు. అక్రిలిక్ అంటగడితే ఒప్పుకోకండి: పొడిగుడ్డతో తుడిస్తే స్టాటిక్ పుట్టి బొగ్గు దుమ్మును లాక్కుంటుంది, పైగా గీతలు.

మెచ్చుకోవాల్సింది వెనక పని. ప్రింటును ఫెవికాల్‌తో అట్టకు అంటించేయరు. పై అంచున రెండు చోట్ల పల్చటి కాగితం పట్టీలు మైదా జిగురుతో అతికి వేలాడదీస్తారు. వానాకాలం కాగితం సాగుతుంది, 45 డిగ్రీల ఎండల్లో కుంచించుకుపోతుంది. నాలుగు వైపులా అంటిస్తే అలలు లేవక తప్పదు. బీడింగ్ (పటం చుట్టూ వేసే ఫ్రేము పట్టీ) గాడిలోనూ 2 మి.మీ. ఖాళీ వదులుతున్నారు. వెనక హార్డ్‌బోర్డుకూ బొమ్మకూ మధ్య ఆసిడ్ లేని అట్ట అడిగితేనే వేస్తారు, అడగండి. లేకపోతే కొన్నేళ్లకు ప్రింటు పచ్చబడుతుంది. మూసేది బ్రౌన్ పేపర్ గమ్ టేపుతో. సెల్లోటేపయితే ఎండాకాలానికి ఊడి దుమ్ము లోపలికి దూరుతుంది. కింది మూలలకు రబ్బరు బుడిపెలు పెట్టించుకోండి, గోడ చెమ్మ తగలదు.

ప్రింటు అనుమతి ఉన్న చోట కొని తీసుకెళ్లాలి. మన చట్టం ప్రకారం జోబోలే బొమ్మలకు 2059 చివరిదాకా కాపీరైట్ ఉంది. నెట్ నుంచి దించిన ఫైలిచ్చి ప్రింటు తీయమంటే కుదరదు. తీసినా ఆ చిన్న ఫైల్లో నీలమంతా ఒక్క ముద్దే.

బిల్లు బీడింగ్ అడుగుల లెక్కన. 12×16 అంగుళాల బొమ్మకు చుట్టూ 2 అంగుళాల మౌంట్ వేస్తే 16×20, చుట్టుకొలత 6 అడుగులు. అంగుళం వెడల్పు బీడింగ్‌కు మూలల కోతలో మరో 8 అంగుళాలు పోతాయి. 7 అడుగులు వేస్తే న్యాయమే, అంతకు మించితే టేపు పెట్టి కొలవమనండి.